ఈ నీటిలో దిగవచ్చునా? – నదులకు, చెరువులకు తరగతులు కట్టే పద్ధతి

విహారయాత్ర ఏర్పాట్లు సాగే దినాలలో ప్రతి కళాశాలలోను ఒక ప్రశ్న తప్పక వినవస్తుంది: "అక్కడ నీళ్ళు బాగుంటాయా?" ప్రశ్న చిన్నదే గాని, అందులో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. చూచుటకు కన్నులపండువుగా ఉంటాయా అన్నది మొదటిది. దిగితే ప్రాణానికి అపాయం లేదు గదా అన్నది రెండవది. మునిగి లేస్తే ఒంటికి జబ్బు అంటదు గదా అన్నది మూడవది. మనం సాధారణంగా మొదటిదానికి మాత్రమే సమాధానం తెలుసుకొని, తక్కిన రెండింటికీ అదే సమాధానమని భావిస్తాము. ఊరి వెలుపల రాయి తవ్వి విడిచిన క్వారీ గుంటను చూడండి. వర్షాకాలం వెళ్ళిన తరువాత దానిలో నీరు నీలాకాశం వలె నిర్మలంగా నిలిచి ఉంటుంది. మొదటి ప్రశ్నలో దానికి నూటికి నూరు మార్కులు వేయవచ్చును. కాని దాని అంచు నిట్టనిలువు. ఒక్క అడుగు ముందుకు వేస్తే నిలుచుండుటకు నేల ఉండదు. పైకి ఎక్కుదామన్నా చేతికి పట్టు దొరకదు. రెండవ ప్రశ్నలో ఆ గుంటకు సున్న తప్ప వేరొక మార్కు లేదు.

నీటికి ఇట్లు మార్కులు వేయడం హాస్యానికి అన్న మాట కాదు. ఈతకు, పడవ విహారానికి, చేపల వేటకు నదులను, సరస్సులను తరగతులుగా విభజించే పద్ధతులు అనేక దేశాలలో అమలులో ఉన్నవి. మన దేశంలోను ఉన్నవి. ఆ పద్ధతులను పరిశీలించే ముందు విద్యార్థులు ఒక సంగతి గుర్తించవలెను. విహారానికి వెళ్ళేవానికి కావలసిన మార్కు ఆ స్థలానికి వేసినది గాక, ఆ దినాన, ఆ గంటలో అక్కడ ఉన్న నీటికి వేసినది. మాఘమాసంలో పసిపిల్లలు ఆడుకొన్న రేవు శ్రావణమాసంలో మరొక నది.

కొండ నదులలో పడవ నడిపేవారు ఈ సత్యాన్ని మొదట గ్రహించినారు. వారు వాడే అంతర్జాతీయ నదీ కాఠిన్య శ్రేణిలో ఆరు తరగతులు ఉన్నవి. మొదటి తరగతిలో నీరు చిన్న చిన్న అలలతో సాఫీగా సాగుతుంది. పడవ నుండి జారిపడినవాడు తనంత తానే ఒడ్డు చేరగలడు. రెండవ తరగతి ఉరవళ్ళలో దారి వెడల్పుగా, స్పష్టంగా ఉంటుంది. మూడవదానికి వచ్చేసరికి అలలు క్రమం తప్పుతాయి; ఇరుకైన దారులలో పడవను చురుకుగా మలుపవలసి ఉంటుంది. నాల్గవ తరగతిలో ప్రవాహం మహా బలమైనది, అయినా దాని నడక ఊహకు అందుతుంది. ముందుగా ఒడ్డు వెంబడి నడచి దారి చూచుకొనడం అవసరం కావచ్చును. ఐదవది ఆరితేరినవారికి మాత్రమే. ఇక ఆరవ తరగతి ప్రవాహంలో దిగుటకు సాహసించేవారే అరుదు. అక్కడ పొరపాటు జరిగితే రక్షించుటకు ఎవ్వరికీ అవకాశం చిక్కకపోవచ్చును.

ఈ శ్రేణిలో నాకు మిక్కిలి నచ్చినది తరగతుల వర్ణన కాదు, దాని వెంట జోడించిన ఒక నిబంధన. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడు కంటె తక్కువైనా, సహాయం అందని మారుమూల ప్రదేశమైనా, ఆ ఉరవడిని ఒక తరగతి ఎక్కువ కఠినమైనదిగా భావించవలెనని ఆ నిబంధన చెబుతుంది. అతి చల్లని నీటిలో హఠాత్తుగా పడినవాడు మొదటి క్షణంలోనే ఊపిరి అదుపు తప్పి నీరు మ్రింగుతాడు. కొద్ది నిమిషాలలో చేతివేళ్ళు పట్టు కోల్పోతాయి. అతడు ఎంతటి ఈతగాడైనా శరీరధర్మం ఒక్కటే. గోదావరి, కృష్ణల గోరువెచ్చని నీటిలో ఈత నేర్చిన మన యువకుడు హిమాలయాలలో మంచు కరిగి వచ్చిన నదిని చూచి, "మా ఊరి కాలువకంటె చిన్నదే గదా" అనుకొనడం సహజం. అపాయం అక్కడే ఉన్నది. పైగా అదే నది ఋతువునుబట్టి తరగతి మార్చుకుంటుంది. ఋషీకేశం వద్ద గంగలో చలికాలమంతా విహరించే రబ్బరు పడవలను వర్షాకాలంలో నిలిపివేయడానికి కారణం ఇదే.

తరగతి మారడానికి మూలం ప్రవాహ పరిమాణం. దీనిని మన ఇంజనీర్లు క్యూసెక్కులలో చెబుతారు. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు, అనగా సుమారు 28 లీటర్లు, ఒక స్థలాన్ని దాటితే అది ఒక క్యూసెక్కు. వార్తాపత్రికలలో ఈ అంకెలు ప్రతి వర్షాకాలంలోను కనిపిస్తాయి. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు ఎగసినది. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట వద్ద 11.75 అడుగుల మట్టానికి, అనగా సుమారు 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి, మొదటి హెచ్చరిక వస్తుంది.

ఈ హెచ్చరికలు ఎవరికొరకు ఏర్పడినవి? లంక గ్రామాలు, లోతట్టు పొలాలు మునిగే వేళకు ప్రజలను తరలించుటకు. పడవలో విహరించేవారి కొలబద్ద ఇది కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన లాంచీ దేవీపట్నం మండలంలోని కచ్చులూరు వద్ద మునిగిపోయినది. అందులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే బయటపడినారు. ఆనాడు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం వద్ద మొదటి హెచ్చరికకు కావలసినదానిలో ఇది సగం. అంకెను మాత్రమే చూచినవాడు "ఇంకా సగం ఉన్నది గదా" అని ధైర్యం చెప్పుకొనగలడు. కాని 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 14 వేల ఘనపు మీటర్ల నీరు. రాజమహేంద్రవరం వద్ద కిలోమీటర్ల మేర పరచుకొని సాగే నది కొండల నడుమ కొన్ని వందల మీటర్లకు కుదించుకొనిపోతుంది. అంత నీరూ ఆ ఇరుకునుండియే వెళ్ళవలెను గనుక లోతు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, మలుపుల వద్ద సుడులు తిరుగుతుంది. వేగం రెట్టింపైతే నీటి త్రోపుడు రెట్టింపు గాదు, నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. కచ్చులూరు మలుపులో అది ఏబది ఒక్క ప్రాణాల ప్రశ్న అయినది.

పరిమాణం గురించి తెలిసికొన్నంత మాత్రాన చాలదు. ఆ నీరు ఎక్కడినుండి, ఎవరి చేతులమీదుగా వస్తున్నదో కూడ తెలియవలెను. సహజమైన నది ఉప్పొంగే ముందు కొన్ని గుర్తులు చూపుతుంది. నీరు ఎర్రబారుతుంది, ఆకులు, పుల్లలు, నురుగు కొట్టుకొని వస్తాయి, ఎగువన ఉరుము వినిపిస్తుంది. ఆనకట్ట నుండి వదలిన నీటికి ఈ మర్యాదలు లేవు. ఆకాశం నిర్మలంగా ఉండగానే, ఎండ కాస్తుండగానే, అది వచ్చి పడుతుంది. జలవిద్యుత్ కేంద్రాలలో ఉత్పత్తి తగ్గించవలసి వచ్చినప్పుడు జలయంత్రాలకు పోవలసిన నీటిని గేట్ల ద్వారా నదిలోనికి విడువవలసి వస్తుంది. దానికి వానతో పనిలేదు. 2014 జూన్ 8వ తేదీ సాయంకాలం హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, లార్జీ ఆనకట్టకు దిగువన, బియాస్ నదిలోని బండలమీద నిలిచి ఫొటోలు తీసుకొంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది ఆ విధంగానే కొట్టుకొనిపోయినారు. వారు ఈతకు దిగలేదు; సాహసం చేయలేదు. ఎండిన బండమీద నిలుచున్నారు. ఆ బండలు నదిగర్భంలోనివి. ఎగువన గేటు ఉన్నది. ఆ గేటు ఎప్పుడు తెరచుకొంటుందో వారికి చెప్పినవారు లేరు.

అందుచేత ఆనకట్టకు దిగువన ఉన్న ఏ నదికైనా, అది ఎంత శాంతంగా కనిపించినా, నదిగర్భంలో నిలుచుండే విషయంలో మంచి మార్కు వేయరాదని నా అభిప్రాయం. ఇందులో చిన్న నదులకు మినహాయింపు లేదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీని అదుపు చేయుటకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మించినారు. ఏడాదిలో అనేక మాసాలు ఆ నదిలో చెప్పుకోదగిన ప్రవాహం ఉండదు. అయినా 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనికి నీరు వచ్చినది.

వాగును కాలినడకన దాటవలసి వచ్చినప్పుడు వాడుకొనదగిన ఒక చిన్న లెక్క ఉన్నది. నదులలో దిగి ప్రవాహాన్ని కొలిచే ఉద్యోగులు దీనిని పాటిస్తారు. లోతును అడుగులలోను, వేగాన్ని సెకనుకు అడుగులలోను తీసుకొని రెంటినీ హెచ్చించవలెను. లబ్ధం పది దాటితే దిగరాదు. వేగం కొలుచుటకు యంత్రం అక్కరలేదు. ఒడ్డున 50 అడుగుల దూరం కొలిచి, ఎగువ కొసన ఒక ఎండు కొబ్బరికాయను నీటిలోనికి విసరి, అది దిగువ కొసకు చేరుటకు పట్టే సెకనులు లెక్కించండి. పది సెకనులు పట్టినదనుకొందాము; వేగం సెకనుకు 5 అడుగులు. నీటిలోతు 2 అడుగులే, అనగా మోకాలికి కొంచెం పైన. రెండు ఐదులు పది. మోకాలి లోతు నీరేమి చేస్తుందనుకొనేవారికి ఈ లెక్క సమాధానం. ఇది శిక్షణ పొందిన, తాడు కట్టుకొన్న ఉద్యోగికి విధించిన హద్దు. విహారానికి వచ్చిన విద్యార్థి అందులో సగంతోనే ఆగిపోవడం మంచిది. నీరు బురదగా ఉండి అడుగు కనిపించకపోతే లెక్కతో పనిలేదు. ఇసుక తవ్విన గోతులు ఏ లెక్కకూ అందవు.

ఆనకట్ట కాళ్ళ వద్ద, చెరువు మత్తడి కింద నురుగులో జలకాలాడే అలవాటు మన ప్రాంతాలలో ఉన్నది. అడ్డుగోడ మీదుగా పడిన నీరు అడుగుకు పోయి, పైకి లేచి, ఉపరితలం మీద మరల గోడవైపునకే వెనుకకు దొర్లుతుంది. ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు అందులో చిక్కినవాడిని నీరు దిగువకు పోనీయదు. గోడ దగ్గరకు లాగి ముంచుతూనే ఉంటుంది. చూచుటకు రెండు మూడు అడుగుల జలపాతం; నదుల మీద పనిచేసేవారు భయపడే స్థలాలలో ఇది ఒకటి.

నదుల సంగతి ఇట్లుండగా, నిలిచిన నీరు మేలని తోచడం సహజం. చెరువులో ప్రవాహం లేదు; నిజమే. అక్కడ కొలువవలసినవి రెండు: అడుగు, గాలి. పూడిక మట్టి తీసిన చెరువుల అడుగు సమంగా ఉండదు. నడుము లోతులో నడుస్తున్నవాడు అకస్మాత్తుగా రెండు నిలువుల గోతిలో పడవచ్చును. ఆ ఊరి బెస్తవారిని, పశువుల కాపరులను అడిగితే ఏ మూల ఏ గొయ్యి ఉన్నదో చెప్పగలరు. ఏ పటమూ వారితో సాటిరాదు.

గాలిని కొలుచుటకు 1805లో ఇంగ్లండు నావికాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ రూపొందించిన శ్రేణి నేటికీ వాడుకలో ఉన్నది. ఇందులోని సౌలభ్యమేమంటే యంత్రం లేకుండానే నీటి ముఖం చూచి గాలిబలం చెప్పవచ్చును. అక్కడక్కడ అలల తలలు తెల్లబారితే మూడవ అంకె, గంటకు 12 నుండి 19 కిలోమీటర్ల గాలి. ఎటు చూచినా తెల్లని తలలు కనిపిస్తే నాలుగవ అంకె, 20 నుండి 28 కిలోమీటర్లు. నాలుగవ అంకె తెరచాప నడిపేవానికి పండుగ, చిన్న తెడ్డు పడవలో ఉన్న కొత్తవానికి ఒడ్డు చేరవలసిన వేళ. నీటిమీద గాలి అడ్డులేకుండా ఎంత దూరం వీస్తే అల అంత పెరుగుతుంది గనుక, ఊరి చెరువులో ఆటగా ఉన్న గాలి నాగార్జునసాగర్ వంటి విశాల జలాశయం నడుమ వేరొక రూపం దాల్చుతుంది.

ఇక మూడవ ప్రశ్న, శుభ్రత. 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చినది. ఆ యేడే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. ఈ మండలి మన దేశపు నీటిని ఏ పనికి పనికివస్తుందో చూచి ఐదు తరగతులు చేసినది. క్రిములను చంపే మందు కలిపితే చాలు, త్రాగవచ్చుననదగినది 'ఎ' తరగతి. ఆరుబయట స్నానానికి పనికివచ్చేది 'బి'. పూర్తిగా శుద్ధిచేసిన పిమ్మట త్రాగదగినది 'సి'. చేపలకు, వన్యప్రాణులకు 'డి'. పైరులకు, కర్మాగారాలలో చల్లదనానికి 'ఇ'. స్నానం త్రాగునీటి కంటె పైమెట్టున ఎట్లు ఉన్నదని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. 'సి' తరగతి నీటిలో నూరు మిల్లీలీటర్లకు 5000 వరకు కోలిఫారం క్రిములను అనుమతిస్తారు. 'బి' తరగతిలో 500 మించరాదు. కారణం సులభం. త్రాగునీరు మన నోటికి వచ్చే ముందు శుద్ధి కేంద్రాన్ని దాటివస్తుంది. ఈతగాని నోటిలోనికి, ముక్కులోనికి, కన్నులలోనికి నది తిన్నగా వస్తుంది.

'బి' తరగతికి మరి మూడు నియమాలు ఉన్నవి. ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే పి.హెచ్. అంకె 6.5కు, 8.5కు నడుమ ఉండవలెను. లీటరు నీటిలో కరిగియున్న ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. బి.ఓ.డి. 3 మిల్లీగ్రాములు మించరాదు. ఈ చివరిది నీటిలోని మురికిని తినివేయుటకు సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావలెనో చెప్పే కొలత. మురికి పెరిగిన కొలది ఈ అంకె పెరుగుతుంది. కోలిఫారం క్రిములన్నీ తమంత తాము రోగకారకాలు గావు. మలం నీటిలో కలిసినదని అవి సాక్ష్యం చెబుతాయి. టైఫాయిడు, కామెర్లు, విరేచనాలు కలిగించేవి ఆ వెంట రావచ్చును.

హుస్సేన్‌సాగర్ ఈ విషయంలో మంచి పాఠం. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలాన నిర్మించిన ఈ తాలాబ్ ఒకప్పుడు నగరానికి మంచినీరు ఇచ్చినది. తరువాతి కాలంలో కూకట్‌పల్లి నాలా దానికి మురుగును, కర్మాగారాల వ్యర్థాలను చేర్చినది. అదే నీటిమీద వర్షకాలపు గాలులలో తెరచాప పడవల పందేలు జరుగుతూ వచ్చినవి. గాలి పరీక్షలో మొదటి శ్రేణి, స్నాన పరీక్షలో అనుత్తీర్ణత: ఒకే జలాశయానికి రెండు ఫలితాలు. రెండు మార్కులను కలిపి సగటు తీస్తే "ఫరవాలేదు" అని వస్తుంది. ఆ సగటు పడవవానికి గాని, ఈతగానికి గాని ఉపయోగపడదు. నీటి విషయంలో అన్నిటికంటె తక్కువ వచ్చిన మార్కునే మొత్తం మార్కుగా తీసుకొనడం సరియైన పద్ధతి. లెక్కల్లో తప్పినవాడు తెలుగులో తొంబది తెచ్చుకొన్నా ఉత్తీర్ణుడు కాడు గదా!

శుభ్రత కూడ దినదినమూ మారేదే. పారిస్ నగరంలో సెయిన్ నదిలో ఈతను 1923లో నిషేధించినారు. 2024 ఒలింపిక్ క్రీడల కొరకు భారీ వ్యయంతో ఆ నదిని శుద్ధిచేసినా, వాన కురిసి క్రిముల లెక్క పెరగడంతో జులై 30న జరగవలసిన పురుషుల ట్రయథ్లాన్ పోటీని మరునాటికి వాయిదా వేయవలసి వచ్చినది. 2025 జులైలో ప్రజల ఈతకు రేవులు తెరచినారు. వాన కారణంగా రెండవ రోజే మూసివేసినారు. నగరం పేరుప్రతిష్ఠలు చూచి మార్కు మార్చలేదు. ఇందుకు ఆ అధికారులను మెచ్చుకొనవలెను. పెద్దవాన నగర వీధులను, మురుగు కాలువలను కడిగి నదిలో పోస్తుంది. కనుక వాన వెలిసిన తరువాత రెండు మూడు దినాలు నగరాల దిగువన నదులలో మునగకుండుట ఉత్తమం.

క్రిములను లెక్కించుటకు ప్రయోగశాల కావలెను. నీటి తేటదనాన్ని కొలుచుటకు ఒక పళ్ళెం చాలు. 1865లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కీ తెల్లని పళ్ళేన్ని తాడుతో నీటిలోనికి దించి, అది కంటికి కనుమరుగయ్యే లోతును కొలిచే పద్ధతిని పరీక్షించినాడు. నేడు 20 సెంటీమీటర్ల వ్యాసం గల, నలుపు తెలుపు భాగాలు గల పళ్ళేన్ని వాడుతారు. ఈతకు అనువైన నీటిలో ఇది 1.2 మీటర్ల లోతు వరకైనా కనిపించవలెనని కెనడా మార్గదర్శకాలలో నియమం. తేటనీరు శుద్ధమైన నీరని దీని అర్థం కాదు. క్రిములు కంటికి కనిపించవు. మునిగినవాడు పైనున్నవారికి కనిపించుటకు, దూకబోయేవానికి అడుగు బండ కనిపించుటకు ఈ కొలత.

మన విద్యార్థులు ఈ పళ్ళేన్ని ఒక మధ్యాహ్నంలో తయారుచేసుకొనగలరు. రేకు ముక్క, రెండు రంగులు, అడుగడుగుకు ముడివేసిన తాడు, కింద కట్టుటకు ఒక రాయి ఉంటే చాలును. విహారయాత్రకు వెళ్ళే బృందం దీనితోపాటు ఒక నోటుపుస్తకం తీసుకొనివెళ్ళి, నీటి ఒడ్డున దిగగానే ఒక పుట నింపితే బాగుంటుందని కళాశాల కమిటీ వారికి నా మనవి. తేదీ, గంట, ఎగువన ఆనకట్ట ఉన్నదా, ఉంటే ఈ దినం నీరు వదలుతారా, ఆ మాట చెప్పినది ఎవరు, గడచిన మూడు దినాలలో వాన పడినదా, కొబ్బరికాయ ఎన్ని సెకనులలో కొట్టుకొనిపోయినది, పళ్ళెం ఎన్ని ముడుల వరకు కనిపించినది, వంతెన స్తంభం మీద అడుగుల గుర్తులు ఉంటే నీరు ఏ అంకె వద్ద ఉన్నది. గంట గడచిన పిమ్మట ఆ చివరి అంకెను మరల చూచి వ్రాయవలెను. రెండు అంకెల నడుమ తేడా కనిపిస్తే, అది ఎంత స్వల్పమైనా, అందరినీ గట్టుమీదికి పిలిచిన తరువాతనే కారణం విచారించవలెను.